ఇంటిదొంగకి గీసిన గీత

ఇంటి దొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు. సర్వర్లు చూసుకునేవాళ్ళకి ఈ సామెత మనకంటే బాగా తెలుసు. బయటినుంచి వచ్చేవాణ్ణి ఫైర్‌వాల్ ఆపుతుంది, పాస్‌వర్డ్ ఆపుతుంది. కానీ మనమే తెచ్చి పెట్టుకుని, మనమే తాళాలిచ్చిన ప్రోగ్రామ్ ఒకరోజు వేరేవాడి మాట వినడం మొదలుపెడితే? ఫైర్‌వాల్ పాపం చూస్తూ నిలబడుతుంది. మనవాడే కదా అనుకుంటుంది.

సరే, దొంగని పట్టలేం. కనీసం వాడున్న గది దాటి రాకుండా చెయ్యగలమా? చెయ్యొచ్చు. ఆ పద్ధతి పేరు మ్యాండేటరీ యాక్సెస్ కంట్రోల్. పేరు చూసి కంగారుపడకండి. మీలో చాలామంది దాన్ని రోజూ జేబులో వేసుకునే తిరుగుతున్నారు. ఆండ్రాయిడ్ ఫోన్లలోకి ఇది 2013లో 4.3 వెర్షన్‌తో వచ్చింది. అప్పట్లో ఊరికే చూసి రాసుకునేది, ఆపేది కాదు. 2014లో వచ్చిన లాలీపాప్, అంటే 5.0 నుంచి ఫోన్ మొత్తం మీద గట్టిగా అమలవుతోంది. శామ్‌సంగ్ ఫోన్ ఉన్నవాళ్ళు సెట్టింగ్స్‌లో అబౌట్ ఫోన్, అందులో సాఫ్ట్‌వేర్ ఇన్ఫర్మేషన్ తెరిచి కిందికి వెళ్ళండి. 'ఎస్ఈ ఫర్ ఆండ్రాయిడ్' అని ఒక లైను, దాని కింద 'ఎన్‌ఫోర్సింగ్' అని కనిపిస్తుంది. మన కథానాయకుడు అదే. అసలు పేరు ఎస్ఈలినక్స్. అమెరికా వాళ్ళ నిఘా సంస్థ ఎన్ఎస్ఏ తయారుచేసి 2000 డిసెంబర్లో అందరికీ ఉచితంగా వదిలింది. నిఘా సంస్థ ఇచ్చిన తాళమా అని మీరు నవ్వొచ్చు. కానీ దాని కోడ్ ఇరవై ఏళ్ళకి పైగా లోకమంతా చూస్తున్న కోడ్, లినక్స్ కెర్నెల్ 2.6 నుంచీ అందులో భాగం.

ఫోన్లో దాని పని కంపెనీవాళ్ళు చూసుకుంటారు, మన చెయ్యి పడదు. సర్వర్ మీద అలా కాదు, మనమే చూసుకోవాలి. అసలు తంటా అంతా అక్కడే.

ఒక కుర్రాణ్ణి ఊహించుకోండి. ఇంజనీరింగ్ అయిపోయి, ఏదో కాలేజీలో సిస్టమ్ అడ్మిన్‌గా కొత్తగా చేరాడు. తమ్ముడు అని పిలుద్దాం. హాస్టల్, లైబ్రరీ, ల్యాబ్, అన్నిటి నెట్టూ ఒక్క స్క్విడ్ సర్వర్ గుండా పోతుంది. కాష్ పెట్టుకున్న డిస్క్ నిండిపోయింది. కొత్త డిస్క్ కొన్నారు. తమ్ముడు దాన్ని బిగించి, ఫార్మాట్ చేసి, '/ఎస్ఆర్‌వి/స్క్విడ్' అనే చోట తగిలించి, సెట్టింగుల ఫైల్లో కాష్ దారి మార్చి, సర్వీస్ రీస్టార్ట్ కొట్టాడు. స్క్విడ్ లేవలేదు. 'పర్మిషన్ డినైడ్' అంది. ఓనర్ని మార్చాడు, లేవలేదు. ఆఖరికి మనవాళ్ళందరి బ్రహ్మాస్త్రం సీహెచ్‌మాడ్ 777 కూడా కొట్టాడు, అంటే ఎవరైనా ఏమైనా చేసుకోండి అని తలుపులు బార్లా తీశాడు. అయినా అదే మాట, పర్మిషన్ డినైడ్.

ఇక హాస్టల్ నుంచి ఫోన్లు. "అన్నా, నెట్ ఎప్పుడొస్తది?" తమ్ముడు గూగుల్ చేశాడు. మొదట దొరికిన సలహా: 'సెట్‌ఎన్‌ఫోర్స్ 0' కొట్టు. కొట్టాడు. స్క్విడ్ టక్కున లేచింది. అందరూ హ్యాపీ.

ఎలకలున్నాయని ఇంటికి నిప్పు పెట్టుకున్నట్టు అంటే ఇదే. ఆ ఒక్క కమాండ్‌తో స్క్విడ్‌కి మాత్రమే కాదు, ఆ మెషీన్ మీద నడిచే ప్రతి సర్వీస్‌కీ కట్టుబాటు పోయింది. నేను చూసిన కొన్ని సాఫ్ట్‌వేర్ల ఇన్‌స్టాలేషన్ గైడ్లలోనైతే మొదటి మెట్టే ఇది, 'ముందుగా ఎస్ఈలినక్స్ ఆపేయండి' అని. ఇల్లు అద్దెకివ్వబోతూ ముందుగా తలుపులు పీకేయండి అన్నట్టుంటుంది. ఈ అలవాటు మీద విసుగెత్తే, రెడ్ హ్యాట్‌లో ఎస్ఈలినక్స్ మీద ఏళ్ళ తరబడి పనిచేసిన డాన్ వాల్ష్ పేరుమీద ఒక సరదా వెబ్‌సైటే వెలిసింది. మీరు దాన్ని ఆపిన ప్రతిసారీ ఆయన ఏడుస్తాడట!

స్క్విడ్ దగ్గర భయం దేనికి?

ఇప్పటి కుర్రాళ్ళకి కాష్ సర్వర్ విలువ అంత తెలియకపోవచ్చు. మనదేశంలో మామూలు జనానికి ఇంటర్నెట్ వచ్చింది 1995 ఆగస్టు 15న, వీఎస్ఎన్ఎల్ ద్వారా. ఆ డయలప్ రోజుల్లో ఒక బొమ్మ దిగాలంటే టీ తాగి రావచ్చు. అందుకని ఒకడు తెరిచిన పేజీ నకలు దాచిపెట్టి, రెండోవాడు అడిగితే ఆ నకలే ఇచ్చేసే ప్రోగ్రాములు పుట్టాయి. హార్వెస్ట్ అనే అమెరికన్ పరిశోధన ప్రాజెక్టులోంచి 1996లో విడిపోయి వచ్చిందే స్క్విడ్. ఇవాళ సైట్లన్నీ హెచ్‌టీటీపీఎస్‌లోకి మారాక కాలేజీ స్క్విడ్‌కి నకళ్ళు దాచే పని తగ్గింది, ఎవరు ఎక్కడికి వెళ్ళొచ్చో చూసే కాపలా పని మిగిలింది. కాషింగ్ అసలు బలం ఇప్పుడు సైట్ల ముందు భాగంలో ఉంది. మీరు తెలుగు వికీపీడియా పేజీ తెరిస్తే చాలాసార్లు ముందుగా పలికేది కాష్ సర్వరే. వికీపీడియా కూడా చాలాకాలం స్క్విడ్ మీదే నడిచి, తర్వాత వార్నిష్ అనే ఇంకో కాష్‌కి మారింది.

ఇలాంటి ప్రోగ్రామ్‌కి ఉన్న అసలు ఇబ్బంది ఏంటంటే, అది పరాయివాళ్ళ మాటలు వినడానికే పుట్టింది. ఇటు హాస్టల్లో ఏ కుర్రాడి లాప్‌టాప్ ఏం పంపినా చదవాలి, అటు లోకంలో ఏ సర్వర్ ఏం పంపినా చదవాలి. ఆ చదివే కోడ్‌లో ఒక్క చోట లెక్క తప్పితే చాలు, పంపినవాడు రాసిన ఆజ్ఞని సర్వర్ తన సొంత పనిలా చేసేస్తుంది. ఇది ఊహ కాదు. జాషువా రోజర్స్ అనే భద్రతా పరిశోధకుడు 2021లో స్క్విడ్ కోడ్‌ని జల్లెడ పట్టి 55 లోపాలు పట్టుకున్నాడు. 2023 అక్టోబర్లో వాటిని బయటపెట్టే నాటికి కూడా 35 లోపాలకి మందు పడలేదు. ఇందులో స్క్విడ్ వాళ్ళని తిట్టడానికేం లేదు. డబ్బులొచ్చే పని కాదు, చేసేవాళ్ళు గుప్పెడు మంది. కానీ ఆ సర్వర్ నడిపేవాడు మాత్రం, 'రేపో మాపో దీన్ని ఎవడో లొంగదీసుకుంటాడు, అప్పుడు నష్టం ఎంత?' అని ముందే లెక్క వేసుకోవాలి.

ఫోన్ కథ కూడా ఇలాంటిదే. 2015లో స్టేజ్‌ఫ్రైట్ అని పెద్ద గొడవ అయింది, గుర్తుండే ఉంటుంది. ఒక వీడియో మెసేజ్ పంపి ఫోన్‌ని లొంగదీసుకోవచ్చని తేలింది. వీడియోలు చదివే పని మొత్తం ఒకే ప్రాసెస్ చేసేది, దాని చేతిలో అధికారాలు బోలెడు. మరుసటి ఏడు ఆండ్రాయిడ్ 7లో గూగుల్ ఆ పనిని చిన్న చిన్న ప్రాసెస్‌లుగా విడగొట్టి, ఒక్కోదాన్నీ వేరే ఎస్ఈలినక్స్ హద్దులో పెట్టింది. వీడియో విప్పేవాడికి కెమెరాతో పనేంటి అన్న ప్రశ్నే దాని వెనకాల ఉంది.

ఇప్పుడు స్క్విడ్‌కి అదే ప్రశ్న వేద్దాం. మామూలు లినక్స్ లెక్కలో స్క్విడ్ 'స్క్విడ్' అనే యూజర్ పేరుతో నడుస్తుంది. ఫైలు ఎవరిది, ఎవరు చదవొచ్చు అన్నది ఆ ఫైలు యజమాని ఇష్టం. యజమాని 777 అంటే అందరికీ తలుపు తెరిచినట్టే. అంటే లొంగిపోయిన స్క్విడ్, అందరూ చదవగలిగే ప్రతి ఫైలూ చదివేయగలదు. టెంప్ ఫోల్డర్లో ఏదో ప్రోగ్రామ్ దింపి నడపగలదు. 25వ పోర్ట్‌కి వెళ్ళి స్పామ్ మెయిళ్ళు పంపగలదు. ఇవేవీ దాని అసలు పని కాదు, కానీ ఆపేవాడెవడూ లేడు.

మ్యాండేటరీ అన్న మాట ఇక్కడ వస్తుంది. యజమాని ఇష్టంతో పనిలేదు. సిస్టమ్‌కి ఒక పాలసీ ఉంటుంది, అందులో రాసి ఉంటే అవును, రాసిలేకపోతే కాదు. హద్దులో పెట్టిన ప్రాసెస్ రూట్ యూజర్‌గా నడుస్తున్నా సరే, మినహాయింపు లేదు. పెళ్ళి భోజనాల దగ్గర వడ్డించే కుర్రాళ్ళని చూడండి. ఒకే రంగు టీషర్టు వేసుకుంటారు. వంటశాలలోకి వెళ్తారు, పంక్తిలోకి వస్తారు. పెళ్ళికూతురి నగలున్న గది వైపు ఆ టీషర్టు కనిపించిందా, మేనమామ నిలదీస్తాడు. వాడు మంచివాడా చెడ్డవాడా అని ఎవరూ ఆలోచించరు, ఆ టీషర్టుకి ఆ గదిలో పనిలేదు, అంతే. రెడ్ హ్యాట్ వాళ్ళు దీన్నే కుక్కలు, పిల్లులు, వాటి తిండిగిన్నెలు పెట్టి పిల్లల రంగుల పుస్తకంలా ఒకటి తయారుచేశారు. ఉచితంగానే దొరుకుతుంది, సరదాగా ఉంటుంది.

ఆ టీషర్టు పేరు లేబుల్. నడిచే స్క్విడ్ ప్రాసెస్ లేబుల్ 'స్క్విడ్_టి'. కాష్ ఫైళ్ళది 'స్క్విడ్_కాష్_టి'. లాగ్‌లది 'స్క్విడ్_లాగ్_టి', సెట్టింగుల ఫైళ్ళది 'స్క్విడ్_కాన్ఫ్_టి'. చివర ఉన్న 'టి' అంటే టైప్. పోర్ట్‌లకీ లేబుళ్ళుంటాయి, 3128వ పోర్ట్‌ది 'స్క్విడ్_పోర్ట్_టి'. స్క్విడ్_టి వాడు స్క్విడ్_కాష్_టి ఫైళ్ళని రాయొచ్చు, చెరపొచ్చు, ఫలానా పోర్ట్ మీద కూర్చోవచ్చు అని పాలసీలో ఒక్కో వరసా రాసి ఉంటుంది. ఈ పాలసీ మనం రాయక్కర్లేదు. రెడ్ హ్యాట్, ఫెడోరా, ఆల్మా, రాకీ లాంటి లినక్స్‌లలో స్క్విడ్‌కి తయారుగా వస్తుంది. మన ఇంట్లో సామాను చోటు మారినప్పుడు దాని లేబుల్ కూడా మార్చడం ఒక్కటే మన పని.

తమ్ముడి సర్వర్ దగ్గరికి వెళ్దాం

(ఇక్కడ కమాండ్ల ఉచ్చారణ ఇస్తున్నాను. టెర్మినల్లో కొట్టేటప్పుడు ఇంగ్లీషు చిన్న అక్షరాల్లోనే కొట్టాలి సుమా. పెద్ద అక్షరం కావాల్సిన చోట చెబుతాను.)

ముందు 'సెట్‌ఎన్‌ఫోర్స్ 1' కొట్టి కాపలావాణ్ణి మళ్ళీ నిలబెట్టండి. స్క్విడ్ మళ్ళీ పడుకుంటుంది, పడుకోనివ్వండి. ఇప్పుడు ఫిర్యాదుల పుస్తకం తెరవాలి. అది '/వార్/లాగ్/ఆడిట్/ఆడిట్.లాగ్'. మొత్తం చదవక్కర్లేదు. 'ఏయూసెర్చ్ -ఎం ఏవీసీ -టీఎస్ రీసెంట్' అంటే గత పది నిమిషాల్లో ఆపిన పనులు మాత్రం చూపిస్తుంది.

అక్కడ పొడవాటి లైను ఒకటి వస్తుంది. చాలామంది అది చూసే పారిపోతారు. నాలుగు ముక్కలు చదివితే చాలు. 'డినైడ్' పక్కన బ్రాకెట్లో 'రైట్' అని ఉంటే రాయబోతే ఆపాను అని. 'కామ్' అన్నచోట 'స్క్విడ్' అని ఉంటే ఎవరిని ఆపిందో తెలిసింది. 'ఎస్‌కాంటెక్స్ట్' అడిగినవాడి లేబుల్, అందులో స్క్విడ్_టి కనిపిస్తుంది. 'టీకాంటెక్స్ట్' అవతలి వస్తువు లేబుల్. తమ్ముడి సర్వర్లో అక్కడ 'అన్‌లేబుల్డ్_టి' అని ఉంటుంది. అదీ సంగతి! కొత్తగా ఫార్మాట్ చేసిన డిస్క్‌కి లేబులే లేదు. చీటీ లేని గదిలోకి వెళ్తానంటే కాపలావాడు ఒప్పుకోలేదు. 777 కొట్టినా ఎందుకు పనిచెయ్యలేదో ఇప్పుడర్థమైంది కదా. అది వేరే తాళం, ఇది వేరే తాళం. రెండూ తీస్తేనే తలుపు తెరుచుకుంటుంది.

ఇక్కడో చిట్కా. లినక్స్ ముందు మామూలు పర్మిషన్లు చూస్తుంది, అక్కడ కుదిరితేనే ఎస్ఈలినక్స్‌ని అడుగుతుంది. కాబట్టి పర్మిషన్ డినైడ్ వచ్చి, ఆడిట్ లాగ్‌లో ఏమీ లేకపోతే, చాలావరకు గొడవ మామూలు ఓనర్, మోడ్‌ల దగ్గరే ఉంటుంది. ఎస్ఈలినక్స్ మీద నింద వేసేముందు అది చూడండి.

పరిష్కారం రెండు కమాండ్లు. మొదటిది 'సెమేనేజ్ ఎఫ్‌కాంటెక్స్ట్ -ఎ -టి స్క్విడ్_కాష్_టి "/ఎస్ఆర్‌వి/స్క్విడ్(/.*)?"'. ఫలానా ఫోల్డరూ దానిలోపలివన్నీ స్క్విడ్ కాష్‌వే అని రిజిస్టర్లో రాయించడం అన్నమాట. రాయించినంత మాత్రాన డిస్క్ మీద చీటీ పడదు. రెండోది 'రిస్టోర్‌కాన్ -ఆర్‌వి /ఎస్ఆర్‌వి/స్క్విడ్', ఇందులో ఆర్ పెద్దక్షరం. ఇది రిజిస్టర్ చూసి నిజంగా చీటీలు అంటిస్తుంది. ఓనర్ని ఎలాగూ స్క్విడ్‌గా మార్చాం. ఆ 777 మాత్రం తీసేసి 750కి తెచ్చెయ్యండి, దాని అవసరం ఎప్పుడూ లేదు. స్క్విడ్ స్టార్ట్ చేస్తే లేస్తుంది.

'సీహెచ్‌కాన్' అని ఇంకో కమాండ్ కూడా చాలాచోట్ల చెబుతారు. అది రిజిస్టర్లో రాయించకుండా నేరుగా చీటీ అంటించేస్తుంది. ఆ పూటకి పని జరుగుతుంది. ఆర్నెల్ల తర్వాత ఎవరో రిస్టోర్‌కాన్ కొడతారు, లేదా సిస్టమ్ మొత్తానికి లేబుళ్ళు మళ్ళీ వేస్తారు, మీ చీటీ ఎగిరిపోతుంది. అప్పటికి తమ్ముడు హైదరాబాద్‌లో వేరే ఉద్యోగంలో ఉంటాడు, కొత్తగా వచ్చినవాడు తల పట్టుకుంటాడు.

ఇంకో ఉచ్చు 'ఎంవీ' కమాండ్. స్క్విడ్ సెట్టింగుల ఫైల్‌ని రూట్ హోమ్ ఫోల్డర్లో తీరిగ్గా ఎడిట్ చేసి, ఎంవీతో దాని చోటికి జరుపుతారు. ఎంవీ అంటే ఫైలు తన పాత టీషర్టుతోనే కొత్తచోటికి వస్తుంది. హోమ్ ఫోల్డర్ లేబుల్ ఉన్న ఫైల్‌ని స్క్విడ్ చదవలేదు. 'సీపీ'తో కాపీ చేస్తే కొత్త ఫైలు ఆ కొత్త ఫోల్డర్ లేబులే తీసుకుంటుంది, గొడవుండదు. ఎంవీ చేసేస్తే ఏం కొంప మునగదు, ఆ ఫైల్ మీద ఒకసారి రిస్టోర్‌కాన్ కొడితే సరి. ఏ ఫైలు ఏ చీటీతో ఉందో చూడాలంటే 'ఎల్ఎస్' పక్కన మైనస్, పెద్ద జడ్. నడిచే ప్రాసెస్‌లకైతే 'పీఎస్ -ఈ' తర్వాత అదే పెద్ద జడ్.

పోర్ట్‌ల కథ

లేబుల్ తర్వాత ఎక్కువమంది తట్టుకుని పడేది ఇక్కడ. స్క్విడ్‌ని 8080 మీద పెడితే ఏ గొడవా రాదు, ఆ పోర్ట్‌కి వెబ్ కాష్ లేబుల్ ముందే ఉంది. అదే రూటర్ నుంచి ట్రాఫిక్ మళ్ళించుకోడానికి 3129 కూడా తెరుద్దామనుకుంటే కొన్ని మెషీన్లలో చక్కగా నడుస్తుంది, కొన్నిట్లో పర్మిషన్ డినైడ్ అంటుంది. అదే స్క్విడ్, అదే సెట్టింగు. జుట్టు పీక్కుంటారు.

తేడా ఒక స్విచ్‌లో ఉంది. ఎస్ఈలినక్స్ పాలసీలో బూలియన్లని కొన్ని ఆన్, ఆఫ్ మీటలుంటాయి. స్క్విడ్‌కి సంబంధించి ముఖ్యమైన మీట 'స్క్విడ్_కనెక్ట్_ఎనీ'. ఇది ఆన్‌లో ఉంటే స్క్విడ్ లోకంలో ఏ పోర్ట్‌కైనా వెళ్ళొచ్చు, తన మెషీన్‌లో ఏ పోర్ట్ మీదైనా కూర్చోవచ్చు కూడా. ఆఫ్‌లో ఉంటే వెబ్, ఎఫ్‌టీపీ లాంటి తనకి సంబంధించిన పోర్ట్‌ల వరకే. ఒక్కో లినక్స్‌లో ఇది ఒక్కోలా వస్తుంది కాబట్టి మీ మెషీన్‌లో ఎలా ఉందో 'గెట్‌ఎస్ఈబూల్ స్క్విడ్_కనెక్ట్_ఎనీ' అని అడిగి తెలుసుకోండి. మార్చాలంటే 'సెట్‌ఎస్ఈబూల్ -పి స్క్విడ్_కనెక్ట్_ఎనీ ఆఫ్', ఇక్కడ పి పెద్దక్షరం. అది లేకపోతే రీబూట్ అయ్యాక మార్పు మాయం.

ఆఫ్ చేశాక 3129 కావాలంటే దానికి లేబుల్ ఇవ్వాలి. 'సెమేనేజ్ పోర్ట్ -ఎ -టి స్క్విడ్_పోర్ట్_టి -పి టీసీపీ 3129', ఈసారి పి చిన్నదే. ఆ నంబర్‌కి పాలసీలో ముందే వేరే పేరుందని కసిరితే వెంటనే మార్చెయ్యకండి. ముందు 'సెమేనేజ్ పోర్ట్ -ఎల్' కొట్టి ఎవరి పోర్ట్ లాక్కుంటున్నారో చూడండి.

మరి మీట ఆన్ చెయ్యాలా, ఆఫ్ చెయ్యాలా? నా అభిప్రాయం ఇదీ. మీ వెబ్‌సైట్ ముందు స్క్విడ్‌ని కాపలా పెట్టారనుకోండి, అది వెళ్ళాల్సిన చోట్లు ఒకటో రెండో. కళ్ళు మూసుకుని ఆఫ్ చెయ్యండి. రేపు ఎవడైనా దాన్ని లొంగదీసుకున్నా అక్కడినుంచి మీ డేటాబేస్ పోర్ట్ తలుపు కొట్టలేడు, మెయిళ్ళు పంపలేడు. హాస్టల్ ప్రాక్సీ సంగతి వేరు. పిల్లలు వెళ్ళే సైట్లలో కొన్ని విచిత్రమైన పోర్ట్‌ల మీద ఉంటాయి, ముఖ్యంగా రిజల్ట్స్ రోజు. ఆఫ్ చేస్తే ఆ రోజే మీకు ఫోన్లు. అక్కడ ఆన్ ఉంచి, ఎవరు ఎక్కడికి వెళ్ళొచ్చన్నది స్క్విడ్ సొంత రూల్స్‌లో బిగించుకోవడం మేలు. భద్రత పేరుతో పరీక్ష ఫీజు కట్టనివ్వని అడ్మిన్ ఎక్కువరోజులు నిలవడు.

యంత్రం రాసిన రూల్

'ఆడిట్2అలో' అని ఒక సాధనం ఉంది. ఆపిన పనుల జాబితా ఇస్తే, వాటన్నిటినీ ఒప్పుకునేలా పాలసీ ముక్క అదే రాసిపెడుతుంది. 'సెమాడ్యూల్ -ఐ' తో తగిలించేస్తే అయిపోయింది. వినడానికి అద్భుతం. తమ్ముడు లేబుల్ వెయ్యకుండా దీన్ని నమ్ముకుని ఉంటే ఏం రాసేదో తెలుసా? 'స్క్విడ్_టి వాడు అన్‌లేబుల్డ్_టి ఫోల్డర్లలో రాసుకోవచ్చు' అని. అంటే ఈ డిస్క్ ఒక్కటే కాదు, రేపు ఎవరైనా ఆ మెషీన్‌కి లేబుల్ లేని ఇంకో డిస్క్ తగిలిస్తే అది కూడా స్క్విడ్‌దే. ఎంవీ చేసిన ఫైల్ విషయంలో దీన్ని వాడితే ఇంకా ఘోరం, రూట్ హోమ్ ఫోల్డర్ లేబుల్ ఉన్నవన్నీ స్క్విడ్ చదవొచ్చని రాసిచ్చేస్తుంది. ఆ సాధనానికి ఏది ఫిర్యాదో, ఏది దాడో తెలియదు. దొంగ తలుపు తడితే వాడికీ తాళంచెవి చేసిపెడుతుంది.

అందుకని దాని చెల్లెలు 'ఆడిట్2వై'ని ముందు అడగండి. ఎందుకు ఆపిందో చెబుతుంది, బూలియన్ మార్చితే సరిపోయే పనైతే ఆ బూలియన్ పేరు చెబుతుంది. లేబుల్ చూశారు, పోర్ట్ చూశారు, బూలియన్ చూశారు, అయినా కావాల్సిన పని ఆగుతోంది. అప్పుడు ఆడిట్2అలో రాసింది తెరిచి, ఒక్కో వరస చదివి, అర్థమైన వరసలే ఉంచి తగిలించండి.

స్క్విడ్ వరకే కాసేపు వదిలిపెట్టి ఏమేం అడుగుతుందో చూడాలంటే కూడా సెట్‌ఎన్‌ఫోర్స్ 0 అక్కర్లేదు. 'సెమేనేజ్ పర్మిసివ్ -ఎ స్క్విడ్_టి' కొడితే ఒక్క స్క్విడ్‌కి మాత్రమే సడలింపు. తప్పులు రాసుకుంటుంది, ఆపదు. మిగతా సర్వీస్‌లన్నీ కట్టుబాటులోనే ఉంటాయి. హాస్టల్ అరుస్తున్నప్పుడు తమ్ముడు కొట్టాల్సింది ఇది. గంటో రెండు గంటలో చూసి, ఆ జాబితా ప్రకారం లేబుళ్ళు సరిచేసి, '-ఎ' బదులు '-డి' పెట్టి సడలింపు తీసెయ్యాలి. కొన్ని ఆపివేతలు లాగ్‌లో కూడా కనపడవు, అనవసరపు గోల అని పాలసీ రాసినవాళ్ళే వాటిని దాచిపెడతారు. ఏమీ అంతుపట్టనప్పుడు 'సెమాడ్యూల్ -డీబీ', రెండూ పెద్దక్షరాలే, కొడితే అవి కూడా బయటికొస్తాయి. పని అయ్యాక 'సెమాడ్యూల్ -బి', పెద్ద బి, తో మళ్ళీ దాచెయ్యండి, లేకపోతే లాగ్ నిండిపోతుంది.

ఇంతా చేసి దీని శక్తికి కూడా ఒక హద్దుందని చెప్పాలి. స్క్విడ్‌కి హక్కున్న గదిలో లొంగిపోయిన స్క్విడ్ ఏం చేసినా ఎస్ఈలినక్స్ అడగదు. ఎవరు ఏ సైట్‌కి వెళ్ళారో చెప్పే లాగ్ ఆ గదిలోనే ఉంది. కొన్ని కాలేజీలు, ఆఫీసులు హెచ్‌టీటీపీఎస్ లోపల కూడా తొంగిచూడ్డానికి తమ సొంత సర్టిఫికెట్‌ని మీ ఫోన్లో వేసుకోమంటాయి. ఆ సర్టిఫికెట్ రహస్య తాళంచెవి స్క్విడ్ చేతిలోనే ఉంటుంది, స్క్విడ్_టి దాన్ని చదవక తప్పదు. స్క్విడ్ పోతే ఆ తాళంచెవీ పోతుంది. ఆండ్రాయిడ్ 7 నుంచి చాలా యాప్‌లు మనం వేసుకున్న సర్టిఫికెట్లని వాటంతట అవి నమ్మవు, అదొక ఊరట. బ్రౌజర్ సంగతి వేరు. ఎవరైనా అలా వేసుకోమంటే ఆ సర్వర్ని ఎవరు చూస్తున్నారు, ఎస్ఈలినక్స్ ఆన్‌లో ఉందా అని మొహమాటం లేకుండా అడగండి.

ఉబుంటు వాడేవాళ్ళు 'మా సర్వర్లో ఈ సెమేనేజ్‌లేవీ లేవే' అనుకుంటారు. అక్కడ కాపలావాడి పేరు యాప్ఆర్మర్. వాడు చీటీలు చూడడు, ఫైలు ఉన్న దారి చూస్తాడు. తమ్ముడు అదే డిస్క్‌ని ఉబుంటులో పెట్టి ఉంటే, యాప్ఆర్మర్ ఫోల్డర్లోని 'లోకల్'లో స్క్విడ్ పేరున్న ఫైల్లో కొత్త దారి రెండు లైన్లు రాసి, 'యాప్ఆర్మర్_పార్సర్ -ఆర్' తో ప్రొఫైల్ని మళ్ళీ చదివించాల్సి వచ్చేది. అంతకుముందు 'ఏఏ-స్టేటస్' కొట్టి స్క్విడ్ ప్రొఫైల్ అసలు అమల్లో ఉందో లేదో చూసుకోవాలి.

ఆఖరుగా ఒక జాగ్రత్త. ఇప్పటికే ఎవరో మీ సర్వర్లో ఎస్ఈలినక్స్‌ని సెట్టింగుల ఫైల్లోనే పూర్తిగా ఆపేసి ఉంటే, దాన్ని నేరుగా ఎన్‌ఫోర్సింగ్‌కి మార్చి రీబూట్ కొట్టకండి. ఆపి ఉన్నన్నాళ్ళూ పుట్టిన ఫైళ్ళకి చీటీలుండవు, మెషీన్ సగంలో ఆగిపోవచ్చు. ముందు పర్మిసివ్ అని రాసి, రూట్ ఫోల్డర్లో '.ఆటోరీలేబుల్' అనే ఖాళీ ఫైల్ పెట్టి రీబూట్ చెయ్యండి. చీటీలు అంటించడానికి డిస్క్ సైజుని బట్టి టైమ్ పడుతుంది. ఆ తర్వాత ఒకటి రెండు రోజులు లాగ్ చూసి, స్క్విడ్ గోల చెయ్యడం లేదనుకున్నాక ఎన్‌ఫోర్సింగ్‌కి మార్చండి. ఈ పని శనివారం రాత్రి పెట్టుకోండి, హాస్టల్లో మ్యాచ్ లేని శనివారం చూసుకుని.